రెండు బరాత్‌లు, ఒక సీటీ

ఆ మాఘమాసంలో మా బ్యాండు ఒప్పుకున్న పెళ్ళిళ్ళలో మట్టెవాడ బరాత్ అన్నింటికన్నా చిన్నది. పొద్దున ముహూర్తం, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం ఫంక్షన్ హాలు నుంచి పెళ్ళికొడుకు ఇంటికి ఊరేగింపు. తీరిగ్గా నడిచినా చాయ్ చల్లారేలోపు చేరుకునేంత దూరం. ఇంత చిన్న పనికి నేనెందుకంటూ యాకూబ్ మాస్టర్ తన మెడలోని సీటీ, అదే బ్యాండును నడిపించే ఈల, తీసి నా మెడలో వేశారు. నేనప్పుడు ఆ బ్యాండులో అకార్డియన్ వాయించేవాణ్ణి. మాస్టర్‌కు ఆయాసం ముదిరింది, సీటీ ఎవరో ఒకరికి అప్పగించక తప్పదు. ఈ బరాత్‌ను సరిగ్గా దింపితే అది నాకు, లేకపోతే ట్రంపెట్ సత్తయ్యకు. ఇందులో దాపరికమేమీ లేదు. ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ చెప్పారు.

బ్యాండంటే ఎర్రకోట్లు తొడుక్కుని ఊదే గుంపు అనుకునేవారి కోసం కొంచెం వివరం చెప్పాలి. బరాత్‌లో అందరికన్నా ముందు చిందులేసే జనం. వాళ్ళ వెనుక క్లారినెట్లు, ఆపైన ట్రంపెట్లు, ఆ తర్వాత కొండచిలువ చుట్టుకున్నట్టుండే పెద్ద బూర యుఫోనియం, ఆఖరున సైడ్ డ్రమ్ములు, వాటి వెనుక పెద్ద డ్రమ్ము. పెద్ద డ్రమ్ము వెనుక పెళ్ళి కారు. కారు డ్రైవర్‌కు మేం నేర్పే పాఠం ఒక్కటే. రోడ్డు సంగతి మేం చూసుకుంటాం, నువ్వు పెద్ద డ్రమ్ము వాయించేవాడి వీపు చూసుకుంటూ రా అని. అకార్డియన్ మాత్రం జనానికీ క్లారినెట్లకూ మధ్యన, బ్యాండు వైపు ముఖం పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తుంది. పడిపోకుండా వెనక్కి నడవడం నేర్చుకోవడానికి నాకు పాటలు నేర్చుకున్నదానికన్నా ఎక్కువ కాలం పట్టింది.

మా నాన్న సాంచెల మీద బట్ట నేసేవాడు. నేనూ అదే పనిలో దిగాల్సినవాణ్ణి. కానీ సాంచె టకటకమంటుంటే దారం చూడటం మాని తాళం వేస్తూ కూర్చునేవాణ్ణి. రెండు చీరలు పాడైపోయాక మా నాన్నే చెయ్యిపట్టుకుని యాకూబ్ మాస్టర్ దగ్గర దిగబెట్టి వచ్చాడు. మాస్టర్ దగ్గర ఎవరో ఆర్కెస్ట్రావాళ్ళు వదిలేసి పోయిన అకార్డియన్ ఒకటి ఉండేది. మెడకు తగిలించుకునే హార్మోనియం అనుకోండి. కుడిచేతికి మెట్లు, ఎడమచేతికి బొత్తాలు, నడుమ తిత్తి. మా బ్యాండులో దాన్ని పెట్టె అనేవాళ్ళు, నన్ను పెట్టె సాంబయ్య అనేవాళ్ళు. ఎవరికీ పట్టుబడని ఆ పెట్టె నాకు వారంలోపే లొంగింది. ఆ తర్వాత హనుమకొండ ఫంక్షన్ హాళ్ళలో, కేసముద్రం మార్కెట్ యార్డులో పత్తి బస్తాల నడుమ, ఎక్కడ పిలిస్తే అక్కడ వాయించాను. నేను పెట్టె తెరిస్తే కూర్చున్నవాడు లేచేవాడు. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఆ వాయిద్యం గుణమే అంత.

సీటీ విషయంలో పెట్టెవాడికి ఇంకో సౌకర్యం ఉంది. వాడి నోరు ఖాళీ. మాస్టర్ క్లారినెట్ వాయించేవారు. పాట మార్చాలంటే నోట్లోంచి క్లారినెట్ తియ్యాలి, సీటీ పెట్టాలి, సీటీ తియ్యాలి, మళ్ళీ క్లారినెట్ పెట్టాలి. ఓసారి తొందరలో సీటీని క్లారినెట్‌లా పట్టుకుని వేళ్ళు ఆడించిన సంగతి ఆయనే చెప్పుకుని నవ్వేవారు. సీటీకి లెక్క ఉంది. ఒక్కసారి వేస్తే పాట మార్చాలి. రెండుసార్లు వేస్తే నడవాలి. మూడుసార్లు వేస్తే ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి. ఇది మాస్టర్ సొంతంగా కట్టిన లెక్క. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు నిద్రలో విన్నా పాటిస్తారు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అఫ్జల్ ఒకడు. ఏదో మాట పట్టింపుతో విడిపోయి వేరే బ్యాండు పెట్టుకున్నాడు. పోతూ పోతూ పాటలన్నీ తీసుకుపోయాడు, సీటీ లెక్క తీసుకుపోయాడు, ఆఖరికి మా కోట్లు కుట్టే దర్జీని కూడా తీసుకుపోయాడు. దర్జీకి ఎర్రబట్ట ఒకటే తాను. అందుకని దూరం నుంచి చూస్తే మేమూ వాళ్ళూ ఒకే బ్యాండులా కనిపించేవాళ్ళం. మాస్టరూ అఫ్జలూ ఎదురుపడితే చూపులు తిప్పుకునేవాళ్ళు. మిగతా మేమంతా మాత్రం ఒకే హోటల్లో ఉస్మానియా బిస్కెట్లు పంచుకునేవాళ్ళం.

ఇక ఆ సాయంత్రం. పెళ్ళికొడుకు రమేష్, పెళ్ళికూతురు సుమలత. వర్జ్యం రాకముందే అమ్మాయి గడప దాటాలని పెళ్ళి చేయించిన అయ్యగారు గట్టిగా చెప్పారు. మాస్టర్ ముందుగానే వెళ్ళి పెళ్ళివారింటి గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను బరాత్‌ను ఎలా దింపుతానో ఆయన అక్కడ్నుంచి చూస్తారు. నాకేమో మెడలో సీటీ, గుండెల మీద పెట్టె, ఒంట్లో పూనకం. హాలు గేటు దాటకముందే రమేష్‌ను స్నేహితులు కారులోంచి దింపి భుజాలకెత్తుకున్నారు. కారులో సుమలత, ఆమెకు తోడుగా వచ్చి ఒళ్ళో నిద్రపోయిన తోటి పిల్ల మిగిలారు.

సగం దారిలో నాలుగు రోడ్ల కూడలి. అక్కడ మేం తిరగాల్సిన సందులోంచి ఎర్రకోట్లు కనిపించాయి. అఫ్జల్ బ్యాండు, వాళ్ళ వెనుక వాళ్ళ పెళ్ళి కారు. రెండు బరాత్‌లు ఎదురైతే చేయవలసిన పద్ధతి ఒకటుంది. ఇద్దరు మాస్టర్లూ మూడు సీటీలు వేసి బ్యాండ్లు ఆపాలి. చెయ్యి కలపాలి. ఆపైన ఎవరి కారు బానెట్ మీద వాళ్ళు చెయ్యి వేసి, దాన్ని తమ పెద్ద డ్రమ్ము వెనుకకు నడిపించుకుపోవాలి. ఐదు నిమిషాల పని. మాకు ఆ ఐదు నిమిషాలు దక్కలేదు. ఎందుకంటే రెండు బ్యాండ్లూ ఆ క్షణాన వాయిస్తున్నది ఒకే పాట, ఒకే ఉస్తాదు నేర్పిన పాట. దగ్గరికి రాగానే రెండు పాటలూ ఒక్కటై, చప్పుడు రెట్టింపైంది. జనం వెర్రెత్తిపోయారు. వాళ్ళ పెళ్ళికొడుకునూ దించారు. రమేష్, ఆ రెండో పెళ్ళికొడుకు ఒకరి మెడ ఒకరు పట్టుకుని గంతులేస్తుంటే, ఎర్రకోట్లు వాళ్ళ చుట్టూ గుండ్రంగా తిరగసాగాయి. నేను ఆ గుండ్రం నడుమ పెట్టెను చాచినంతా చాచి వాయించాను. నా సర్వీసు మొత్తంలో అంత సంతోషంగా ఇంకెప్పుడూ వాయించలేదు.

పాట ఎంతసేపని సాగుతుంది? మారుద్దామని నేను ఒక సీటీ వేశాను. అదే ఆలోచన అఫ్జల్‌కూ వచ్చి, నా వెనకాలే వాడూ ఒక సీటీ వేశాడు. పాట మార్చమని నేను, పాట మార్చమని వాడు. కానీ వాయించేవాళ్ళ చెవికి చేరినవి రెండు సీటీలు. రెండంటే నడక. అందరూ బుద్ధిమంతుల్లా నడక మొదలుపెట్టారు.

వాయించేవాళ్ళు తప్పిపోలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు, ఎవరి పక్కన ఎవరు నడవాలో కాళ్ళకే తెలుసు. మా వాళ్ళు మా సందులోకి, అఫ్జల్ వాళ్ళు వాళ్ళ దారిలోకి చక్కగా మళ్ళారు. కార్లకే దారి తప్పింది. గుండ్రం తిరిగీ తిరిగీ మా పెద్ద డ్రమ్ము వాళ్ళ కారు ముందు, వాళ్ళది మా కారు ముందు తేలాయి. డ్రైవర్లిద్దరూ మేం నేర్పిన పాఠం అక్షరాలా పాటించి, ఎదురుగా ఉన్న ఎర్ర వీపును చూసుకుంటూ బయల్దేరారు. రెండూ తెల్ల కార్లే, రెండింటికీ బంతిపూల జల్లే. నేను వెనక్కి నడుస్తూ బ్యాండు తలల మీదుగా పూలు కనిపిస్తున్నాయని చూసుకుని, బరాత్ భేషుగ్గా సాగుతోందని మురిసిపోయాను.

పెళ్ళివారింటి ముందు ఆగాం. మాస్టర్ కుర్చీలోంచి తల ఊపారు, వేళకు తెచ్చావన్నట్టు. కారులోంచి అమ్మాయిని దించారు. బాసింగం, పూలజడ, గడ్డం రొమ్ముకు ఆనేలా దించిన తల. రమేష్‌ను తెచ్చి పక్కన నిలబెట్టారు. వాడు చెమటతో ముద్దయి ఉన్నాడు, కళ్ళద్దాలు కూడలిలో ఎక్కడో పారేసుకున్నాడు. గడప దగ్గర ఇంటి పెద్దావిడ, రమేష్ మేనత్త రాజవ్వ, ఎర్రనీళ్ళ పళ్ళెంతో నిలబడింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె హాలుకు రాలేదు, కోడల్ని చూడటం అదే మొదలు. రమేష్ అక్క రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డం నిలబడింది. పేర్లు చెప్పించకుండా కొత్తజంటను లోపలికి పోనిస్తే ఆడబిడ్డ హోదాకే తక్కువ.

"పెండ్లాం పేరు చెప్తెనే లోపల్కి," అంది.

రమేష్ ఊపు మీదున్నాడు. వాడకట్టంతా వినేలా "సుమలతా!" అని కేక పెట్టాడు.

అమ్మాయి మెల్లగా తల ఎత్తింది. "సుమలత ఎవ్వరు?" అని అడిగింది. అడిగాక వాణ్ణి ఎగాదిగా చూసి, "అసల్ నువ్వెవ్వరు?" అంది.

ఎవరూ ఆపకుండా పెద్ద డ్రమ్ము దానంతటదే ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే. రమేష్ ముఖం దగ్గరగా పెట్టి చూసి, నాలుగడుగులు వెనక్కి వేసి అక్కా అంటూ వాళ్ళక్క వెనుక చేరాడు. అమ్మాయి పేరు లావణ్య. భర్త పేరు శ్రీకాంత్. అత్తగారిల్లు కూడలికి అవతలి వైపు. అంటే మా సుమలత ఈ పాటికి శ్రీకాంత్ గడప ముందు ఉండాలి. మెడలోని సీటీ ఇక సత్తయ్యదే అనుకున్నాను. సత్తయ్యకూ అలాగే అనిపించినట్టుంది, ట్రంపెట్ తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నేను అఫ్జల్‌కు ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. వాయించే బ్యాండులో ఫోన్ ఎవడికి వినిపిస్తుంది?

లావణ్య కళ్ళలో నీళ్ళు తిరగబోయాయి. రాజవ్వ పళ్ళెం కింద పెట్టి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఏడ్వకు బిడ్డా. గడప దాక అచ్చిన పిల్లవు, ఉత్త చేతుల పంపుతమా? ఇయ్యాల్టి సంది నువ్వు మా ఆడిబిడ్డవు. జర బొట్టు పెట్టిచ్చుకో, నోరు తీపి చేస్కో, మా బ్యాండోల్లే నిన్ను మీ ఇంటికాడ దింపుతరు, ఫికర్ లేదు," అంటూ బొట్టు పెట్టి, చేతిలో జాకెట్టు గుడ్డ పెట్టి, నోట్లో చారెడు చక్కెర పోసింది. ఆ చక్కెరతో లావణ్యకు నవ్వొచ్చింది. ఆమె నవ్వేసరికి గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళందరికీ నవ్వొచ్చింది. రమేష్ ఒక్కడికే రాలేదు, వాడు తన పెళ్ళాం ఏదని అడుగుతున్నాడు.

మాస్టర్ కుర్చీలోంచి కదల్లేదు. "సాంబయ్యా, పెండ్లి కారు బాజా లేకుంట కదలొద్దు. యాది ఉన్నదా?" అని మాత్రం అన్నారు. మా వృత్తిలో అది ఆచారం. ఖాళీ కారైతే ఎలా పోయినా ఫర్వాలేదు, పెళ్ళికూతురు కూర్చున్న కారు మాత్రం వాయిద్యం వెంట లేకుండా చక్రం తిప్పకూడదు. వర్జ్యం ముంచుకొస్తోంది కాబట్టి నడవడం కుదరదు. అంచేత పరుగెత్తుతూ వాయించాం.

పరుగెత్తే బ్యాండును మీరెవరూ చూసి ఉండరు. క్లారినెట్లు కీచుమన్నాయి. ట్రంపెట్ ఒక్కో అడుగుకు ఒక్కో ముక్క ఊదింది. యుఫోనియం వాయించే వెంకటయ్య మనిషి భారీ, వాద్యం అంతకన్నా భారీ. ఆయన ఊదడం మానేసి అందులోంచి రొప్పుతుంటే అదీ తాళంలోనే పడింది. నేను మొదటిసారి ముందుకు తిరిగి నడిచాను, కాదు, ఉరికాను. పెట్టె నా పొట్ట మీద ఎగిరెగిరి పడుతుంటే తిత్తి దానంతటదే తెరుచుకుని మూసుకుని, నేను నొక్కని స్వరాలు కూడా పలికింది. ఇది కొత్త రకం బరాత్ అనుకుని చిందులేసే కుర్రాళ్ళూ మా వెంట పరుగు. దుకాణాల్లోంచి జనం బయటికొచ్చి చప్పట్లు కొట్టారు. కూరగాయల బండి ఆయన వంకాయలు పక్కకు లాక్కుంటూనే తాళం వేశాడు. వెనక కారు కిటికీలోంచి లావణ్య తల బయటపెట్టి, "జర జోరుగ!" అని కేకేసింది.

కూడలికి చేరేసరికి ఎదురుగా అఫ్జల్ బ్యాండూ పరుగెత్తుకొస్తోంది. వాళ్ళ గడప దగ్గర సుమలత, మా అత్తమ్మ గింత పొడుగు లేదే అన్నదట. అక్కడా బొట్టూ జాకెట్టు గుడ్డా అయ్యాయట. రెండు బ్యాండ్లూ ఢీకొన్నాయి, మళ్ళీ గుండ్రం కట్టాయి, మళ్ళీ జనం చిందులకు దిగారు. నేను సీటీ నోట్లో పెట్టుకున్నాను. అఫ్జల్ కూడా పెట్టుకున్నాడు. ఇద్దరం ఒకర్నొకరు చూసుకుని, ఇద్దరం తీసేశాం. ఊదితే ఎవడి లెక్క ఎవడి లెక్కలో కలుస్తుందో తెలియదు. వర్జ్యానికి ఇక ఎంతోసేపు లేదు.

నేను ఎక్కువ ఆలోచించలేదు. గుంపును తోసుకుంటూ పోయి, మెడలోని సీటీ తీసి అఫ్జల్ మెడలో వేశాను. సత్తయ్య అది చూశాడు. మా బ్యాండంతా చూసింది.

అఫ్జల్ దాన్ని చేత్తో పట్టుకుని, "గిది ఉస్తాద్‌ది గదా," అని నీళ్ళు నమిలాడు.

"తోవ మీద ఒకటే సీటీ ఉండాలె. ఊదు భై, వర్జ్యం వస్తాంది," అన్నాను.

మూడుసార్లు ఊదాడు. ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. అంత చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయేసరికి నా చెవులు గుయ్‌మన్నాయి. చెయ్యి కలిపాం. వాడు శ్రీకాంత్ కారు బానెట్ మీద చెయ్యి వేశాడు, నేను రమేష్ కారు బానెట్ మీద వేశాను. ఎందుకైనా మంచిదని లోపలికి తొంగి చూశాను. సుమలత ఉంది, ఒళ్ళో తోటి పిల్ల ఇంకా నిద్రలోనే ఉంది. కార్లు పక్కపక్కగా దాటేటప్పుడు పెళ్ళికూతుళ్ళిద్దరూ కిటికీల్లోంచి చేతులు పట్టుకుని పడీపడీ నవ్వారు. అఫ్జల్ రెండు సీటీలు వేశాడు. ఎవరి దారిన వాళ్ళం నడిచాం.

ఇంటి గేటు కనిపించే దాకా నాకు తట్టనే లేదు, నా మెడ ఖాళీగా ఉందని. సీటీ అఫ్జల్‌తో పోయింది.

గుమ్మం దగ్గర ఈసారి పేర్లు సరిపోయాయి. రమేష్ ఈసారి ముఖంలో ముఖం పెట్టి చూసుకుని గాని పేరు చెప్పలేదు. సుమలత కుడికాలితో సోలెడు బియ్యం తన్ని లోపలికి అడుగుపెట్టింది. రాజవ్వ గోడ గడియారం చూసి, గుండె మీద చెయ్యి వేసుకుంది. వర్జ్యం ఇంకా రాలేదు.

మాస్టర్ నన్ను పిలిచారు. "సీటీ ఏది?"

"అఫ్జల్ దగ్గర ఉన్నది ఉస్తాద్."

"ఎందుకు?"

జరిగింది చెప్పాను. ఆయన ముఖంలో ఏమీ కనిపించలేదు. "మరి కూడలి నుంచి ఈడిదాక పాట ఎట్ల మార్చినవ్? గేటు కాడ ఎట్ల ఆపినవ్?" అన్నారు. నేనేం చేశానో నాకే గుర్తులేదు. వెంకటయ్య యుఫోనియం దించి, ఇంకా రొప్పుతూనే అందుకున్నాడు. "పెట్టె మూస్తె ఆగినం మాస్టర్. తెరిస్తె నడిచినం. సీటీ లేదని మేం సూడనే లేదు."

మాస్టర్‌కు నవ్వొచ్చింది. ఆయాసం వచ్చేదాకా నవ్వి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వారు. "ఇగ రేపటి హనుమకొండ బరాత్ గూడ నువ్వే తీస్కపో. సీటీ అఫ్జల్ దగ్గర్నే ఉండనియ్యి. వానికి అక్కరున్నది, నీకు లేదు." సత్తయ్య వచ్చి చెయ్యి కలిపాడు. నోరు ఖాళీ లేనివాడికి ఆ పదవి ఎందుకులే అన్నాడు. నాకు ఆనందంతో ఒళ్ళు తేలిపోతుంటే పెట్టె దించడం మరచిపోయి, దాంతోనే కూర్చుని భోజనం చేశాను.

ఆ తర్వాత మోకాళ్ళు మొరాయించేదాకా మాస్టర్‌గా పనిచేశాను. ఇప్పుడు డీజే బండికి ముందు నడిచేవాడూ ఆపేవాడూ అక్కర్లేదు, ఒక మీట చాలు. ఆ సాయంత్రం నుంచి నేను నేర్చుకుని ప్రతి బరాత్‌లో పాటించింది ఒకటే. బ్యాండు సిద్ధమయ్యాక, పెట్టె తెరవకముందు, కారు కిటికీ దగ్గర వంగి పెళ్ళికూతురిని రెండు పేర్లు అడిగేవాణ్ణి. నీ పేరేంది తల్లీ, ఆయన పేరేంది? కొందరు సిగ్గుపడేవాళ్ళు, కొందరి తండ్రులు నీకెందుకయ్యా అని కసిరేవాళ్ళు. రెండూ వినే దాకా పెట్టె తెరిచేవాణ్ణి కాదు.